సర్వర్ మెట్ల కిందే ఉండాలా, క్లౌడ్‌కి పోవాలా? ఇంట్లో పంచాయితీ తెగడం లేదు

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే కుటుంబంలోని కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరం చాలా పెద్దది, అవసరమైనంత వరకు చెబుతాను.

ఆమె ఎంసీఏ చదివారు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లకి సంబంధించిందంతా ఆమే చూసుకుంటున్నారు. జీతం లేదు, హోదా లేదు, "కోడలు చూసుకుంటుందిలే" అన్న మాట తప్ప. సర్వర్, అంటే ఆఫీసు లెక్కలన్నీ దాచి మిగతా కంప్యూటర్లకి అందించే కంప్యూటర్, ఎనిమిదేళ్ళ కిందట కొన్నది, మెట్ల కింది గదిలో ఉంటుంది, పక్కన యూపీఎస్, యూపీఎస్ మీద పాత ఫైళ్ళ కట్టలు. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, ట్రాక్టర్లని తూచే కాటా సాఫ్ట్‌వేర్, రైతుల ఖాతాలు, ఏ డ్రమ్ము ఏ రోజు సరుకో చెప్పే లాట్ వివరాలు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. సీజన్లో పది మంది వాడతారు, మిగతా రోజుల్లో ముగ్గురు.

2025 సీజన్ గుర్తుందిగా, తోతాపురి మామిడి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అని ప్రకటించి, అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 మేము రైతు ఖాతాలో వేస్తాం అన్న హడావుడి. ఏ రైతు ఎన్ని టన్నులు తోలాడో లెక్క పక్కాగా ఉండాల్సిన ఆ రోజుల్లోనే ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, సర్వర్ మాత్రం లేవలేదు. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయి ఉన్నాయి, ఎవరూ చూడలేదు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే కాటా చీటీలు చేత్తో రాసిచ్చారు. బ్యాకప్ ఉందిలే అనుకున్నారు, తీరా డిస్క్ తెరిస్తే అందులో చివరి కాపీ మార్చి నెలది. తిరుపతి నుంచి వచ్చిన హార్డ్‌వేర్ అతను పాత డిస్క్ నుంచి చాలావరకు బయటికి లాగాడు, మిగిలింది ఆమె, గుమాస్తా కూర్చుని చీటీలు చూసి మళ్ళీ ఎక్కించారు. ఒకట్రెండు చీటీల్లో తూకం తేడా వచ్చింది, ఒక రైతు ఆఫీసుకొచ్చి నలుగురిలో అరిచి వెళ్ళాడు. ఆ మాటలు పడింది ఈమే.

ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట. హార్డ్‌వేర్ అతను కొత్త సర్వర్, కొత్త యూపీఎస్ కలిపి 4,10,000 రూపాయలకి కొటేషన్ ఇచ్చాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది ఈ కాలంలో సర్వర్ కొనేవాళ్ళెవరు వదినా, మొత్తం క్లౌడ్‌లో, అంటే నెట్ మీద అద్దెకి దొరికే పెద్ద కంపెనీల కంప్యూటర్లలో పెట్టేద్దాం, నా ఫ్రెండు నెలకి 24,000కి చేసిపెడతాడు అంటున్నాడు. మామగారేమో "ఎవురిదో కంప్యూటర్లో మన లెక్కలు పెట్టేదేంది? మన లెక్క మన కప్పు కిందనే ఉండల్ల" అని ఒకే మాట. భర్త ఎవరినీ నొప్పించడు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా అని మధ్యలో ఒక ఉచిత సలహా ఇచ్చి ఊరుకున్నాడట. "ఏది మంచిదో చెప్పండి. ఏది తీసుకున్నా రేపు ఆగిపోతే నన్నే అంటారు. దానికేమైనా దారి ఉంటే అదీ చెప్పండి" అని ముగించారు.

అమ్మా, ముందు ఒక పని. ఈ చర్చలన్నీ తేలేదాకా ఆగకుండా ఈరోజే చేయాల్సింది. మీవారు ఫోన్లో లెక్కలు చూసుకోవడానికి హార్డ్‌వేర్ అతను "రిమోట్ ఓపెన్ చేసిపెట్టాడు" అని ఉత్తరంలో ఎక్కడో మధ్యలో, పెద్ద విషయం కాదన్నట్టు రాశారు. నాకు మొత్తం ఉత్తరంలో టెన్షన్ పెట్టిన వాక్యం అదే. రిమోట్ డెస్క్‌టాప్‌ని, అంటే దూరం నుంచి సర్వర్‌ని తెరిచి వాడే దారిని, నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెడితే ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు పాస్‌వర్డులు కొట్టి చూస్తూనే ఉంటాయి, ఏదో ఒకరోజు ఒకటి తగులుతుంది, పొద్దున లేచేసరికి ఫైళ్ళన్నీ తాళం పడి, డబ్బు కడితే తీస్తామని ఒక చీటీ ఉంటుంది. బ్యాకప్ డిస్క్ కూడా అదే సర్వర్‌కి తగిలించి ఉంది కాబట్టి దానికీ తాళమే. రూటర్లో ఆ దారి మూయించండి. మీవారికి చూడాలనిపిస్తే వీపీఎన్, అంటే తాళం ఉన్నవాళ్ళే రాగలిగే రహస్య దారి, పెట్టించుకోవచ్చు, లేదంటే సాయంత్రం మీరే ఒక పీడీఎఫ్ వాట్సాప్ చేయొచ్చు, కొంపలేమీ మునగవు.

ఇక మీ ప్రశ్న. సర్వరా, క్లౌడా అని అడిగారు గానీ మీ ఉత్తరంలో ఉన్న ఇబ్బందులు వేరే. కరెంటు పోయినప్పుడు సర్వర్ పడిపోయింది, అది బ్యాటరీల సంగతి. డేటా పోయింది, అది బ్యాకప్ సంగతి. తిట్లు మీకు పడ్డాయి, అది ఎవరి బాధ్యత ఎంత అన్న సంగతి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ క్లౌడ్‌కి మారినంత మాత్రాన దానంతటదే తీరదు, 4,10,000 పెట్టి కొత్త పెట్టె తెచ్చినంత మాత్రాన కూడా తీరదు. కొత్త సర్వర్ తెచ్చి అదే మెట్ల కింద, అదే ఫైళ్ళ కట్టల పక్కన పెట్టి, అదే డిస్క్ తగిలిస్తే మూడేళ్ళ తర్వాత మళ్ళీ నాకే ఉత్తరం రాస్తారు.

అందుకని పెట్టె గురించి కాకుండా పనుల గురించి ఆలోచించండి. నెట్ పోతే ఆగకూడని పని ఏది? మీకు అది కాటా ఒక్కటే. మీకు తెలిసిందే అయినా మీ మరిదికి చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నా. కాటా ఇండికేటర్ నుంచి ఒక సన్నటి సీరియల్ కేబుల్ కాటా గదిలోని కంప్యూటర్‌కి వస్తుంది, బరువు అంకె అందులోంచే వస్తుంది. ట్రాక్టర్ లోడుతో ఎక్కుతుంది, ఒక తూకం. లోపలికి పోయి కాయ దించి ఖాళీగా వస్తుంది, ఇంకో తూకం. రెండింటి తేడా రైతుకి పడే బరువు. ఆ రెండు తూకాల మధ్య నెట్ పోయి, సాఫ్ట్‌వేర్ మొత్తం హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉందనుకోండి, ఖాళీ ట్రాక్టర్ కాటా మీద నిలబడిపోతుంది, వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. జూన్ నెలలో గాలివానకి స్తంభం మీద ఫైబర్ తెగితే లైన్‌మన్ వచ్చేది మరుసటి రోజు. ఎండకి కాయ మెత్తబడిపోతూ ఉంటుంది, రైతు ఊరుకుంటాడా? కాబట్టి కాటా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నెట్ మీద ఆధారపడకూడదు. ఇందులో నాకు సందేహం లేదు.

మిగతా పనులు అంత పట్టుబట్టవు. టాలీలో ఎంట్రీలు ఒక పూట ఆలస్యమైతే ఏమీ కాదు. జీఎస్టీ రిటర్నులు, ఇ-వే బిల్లులు, బ్యాంకు పేమెంట్లు ఎలాగూ నెట్ ఉంటేనే అయ్యేవి, అంటే మామగారి లెక్కల్లో సగం ఇప్పటికే పరాయి కంప్యూటర్లలో ఉంది, ఆయనకి ఎవరూ చెప్పలేదంతే. డ్రమ్ము లాట్ వివరాలు, గుజ్జు తీపి కొలిచే బ్రిక్స్ రీడింగులు మాత్రం పోకూడనివి. విదేశీ కొనుగోలుదారు ఆడిట్‌కి వచ్చి ఈ డ్రమ్ములో గుజ్జు ఏ రోజుది, ఏ రైతు కాయది అని అడిగితే చూపించాలి. ఆ వివరాలు అరగంట అందకపోయినా ఫర్వాలేదు, శాశ్వతంగా పోతే మాత్రం వ్యాపారమే పోతుంది. ఆగకూడనిది ఒకటి, పోకూడనిది ఇంకొకటి, ఈ తేడా మీ ఇంట్లో ఎవరూ చేస్తున్నట్టు లేదు.

ఇప్పుడు దారులు చూద్దాం. మొదటిది మామగారి దారి, అంతా మన కప్పు కిందే. తప్పేమీ కాదు. పది మంది వాడే ఆఫీసుకి ఒక మంచి సర్వర్ ఐదేళ్ళు హాయిగా పనిచేస్తుంది. కానీ ఖర్చు 4,10,000తో ఆగదు. బ్యాటరీలు మూడేళ్ళకి ఒకసారి మార్చాలి, దానికి 40,000 అనుకోండి. ఏఎంసీ, అంటే రిపేర్లు చూసుకునే వార్షిక ఒప్పందం, ఏడాదికి 30,000 చొప్పున మొదటి ఏడాది వారంటీ పోను నాలుగేళ్ళకి 1,20,000. సర్వర్ సుమారు 400 వాట్లు లాగుతుందనుకుంటే రాత్రీ పగలూ కలిపి ఏడాదికి 3,500 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 28,000, ఐదేళ్ళకి 1,40,000. అన్నీ కలిపితే 7,10,000. ఆ గదికి ఏసీ పెడితే ఇంకా పైన. అయినా మీ మరిది చెప్పిన 24,000 లెక్క ఐదేళ్ళకి 14,40,000 అవుతుంది, అంటే దాదాపు రెట్టింపు. జీఎస్టీ రెండింటికీ 18 శాతమే, కట్టింది మీ అమ్మకాల పన్నులో క్రెడిట్‌గా తగ్గించుకుంటారు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి.

కొటేషన్ రెండోసారి చదివినప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. విండోస్ సర్వర్ లైసెన్స్ అందులో ఉందా, ఎంతమంది వాడటానికి ఉంది? డిస్కులు రెండు పెట్టి ఒకటి పోయినా ఇంకొకటి నడిచేలా ఇస్తున్నాడా? అలా ఇచ్చినా అది బ్యాకప్ కాదు, చాలామంది అదే బ్యాకప్ అనుకుంటారు, ఒకదాంట్లో పొరపాటున చెరిపేస్తే రెండోదాంట్లోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. మీవారి గూగుల్ డ్రైవ్ సలహాలోనూ ఇదే చిక్కు. పైగా నడుస్తున్న టాలీ డేటా ఫోల్డర్‌ని సింక్‌లో, అంటే మారినప్పుడల్లా తనంతట తనే డ్రైవ్‌లోకి కాపీ అయ్యేలా పెడితే, సగం రాసిన ఫైలు అటూ ఇటూ కాపీ అయి మొత్తం చెడిపోయే ప్రమాదం ఉంది. డ్రైవ్ వాడాలంటే టాలీలో బ్యాకప్ తీసి, ఆ ఫైలుని తేదీ వేసి ఎక్కించాలి, నడుస్తున్న ఫోల్డర్‌ని కాదు.

రెండో దారి మీ మరిదిది. ఆయన మాటల్లో ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి. కరెంటు, మెషీన్ చెడిపోవడం, డిస్కులు మార్చడం ఇవన్నీ మీ తలనొప్పి కాకుండా పోతాయి. క్లౌడ్ అద్దెకిచ్చే అమెజాన్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లోనే డేటా సెంటర్లున్నాయి, ముంబైలో అంతకుముందు నుంచే ఉన్నాయి, మైక్రోసాఫ్ట్‌కి చెన్నై, పుణె వైపు ఉన్నాయి, కాబట్టి డేటా దేశం దాటి పోతుందన్న భయం అక్కర్లేదు. కానీ "సీజన్‌కి పెంచుకుంటాం, తర్వాత తగ్గించుకుంటాం" అనే ఆయన ముఖ్యమైన పాయింటు మీ విషయంలో అంత బరువున్నది కాదు. పది మంది ఎంట్రీలు చేస్తే వచ్చే లోడు అసలు లోడే కాదు. లక్షల మంది ఒకేసారి టికెట్లు బుక్ చేసే సైటుకి ఆ లెక్క పనికొస్తుంది, రోజుకి కొన్ని వందల కాటా చీటీలకి కాదు. ఆదా ఉన్నది ఇంకోచోట. ఆఫ్ సీజన్లో మెషీన్‌ని రోజుకి పది గంటలే, అదీ నెలకి 26 రోజులే నడిపితే 730 గంటల్లో 260 గంటలకే బిల్లు పడుతుంది, మెషీన్ అద్దె మూడో వంతుకి వస్తుంది. డిస్క్ అద్దె మాత్రం మెషీన్ ఆపినా పడుతూనే ఉంటుంది. ఆ 24,000లో ఇవన్నీ లెక్కేశాడా, లేక ఏడాది పొడుగునా ఒకటే రేటా అని అడగండి, నాకైతే ఆ అంకె ఎక్కువే అనిపిస్తోంది, అందులో ఫ్రెండు ఫీజు ఎంత, మెషీన్ అద్దె ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ధర డాలర్లలో లెక్కకట్టేదైతే రూపాయి పడినప్పుడల్లా మీ బిల్లు కాస్త పెరుగుతుంది. ఇంకో చిన్న చిరాకు, చిన్నదే గానీ రోజూ ఉండేది: క్లౌడ్‌లో ఉన్న టాలీ నుంచి మీ ఆఫీసులోని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి బిల్లు కొట్టించడం. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు, గుమాస్తా మిమ్మల్నే పిలుస్తాడు. ముందు ఒక వారం ట్రయల్ ఇవ్వమనండి, సరిగ్గా మీ ప్రింటర్‌తో.

ఫ్రెండు చేసిపెడతాడు అన్నారు కదా, అకౌంట్ ఎవరి పేరు మీద తెరుస్తాడు? ఇది నెలకి ఎంత అనేదానికంటే పెద్ద ప్రశ్న. అతని ఈమెయిల్‌తో, అతని కార్డుతో తెరిస్తే మీ లెక్కలకి యజమాని కాగితం మీద అతనే. రేపు అతనికీ మీ మరిదికీ మాటల్లేకపోతే, లేదా అతను ఏ అమెరికాకో పోయి ఫోన్ ఎత్తకపోతే మీరు ఎవరినడుగుతారు? ఫ్యాక్టరీ ఈమెయిల్, ఫ్యాక్టరీ ఫోన్ నంబరు, ఫ్యాక్టరీ కార్డుతోనే అసలు అకౌంట్ ఉండాలి, ఓటీపీ మీ ఆఫీసుకే రావాలి, అతనికి పని చేసుకునేంత మేరకు వేరే లాగిన్ ఇవ్వాలి. హార్డ్‌వేర్ అతని విషయంలోనూ ఇదే మాట. ఇప్పుడున్న సర్వర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గరుందా, అతని దగ్గరే ఉందా? ఉత్తరంలో రాయలేదు గానీ నా అనుమానం అతని దగ్గరే అని.

క్లౌడ్‌లో పెడితే ఇక పోదు అనుకోవడం కూడా తప్పే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే, సర్వర్లు అద్దెకిచ్చే పెద్ద కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది, వేరే చోట కాపీ పెట్టుకోని కస్టమర్ల డేటా దాంతోనే పోయింది. మెషీన్ వాళ్ళది, డేటా భద్రం మనది, ఒప్పందాల్లో ఉండేదే అది, ఎవరూ చదవరు. మామగారి పక్షానికీ అలాంటిది ఒకటి ఉంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ లిథియం బ్యాటరీల దగ్గర మంటలు లేచాయి. సొంత భవనం, సొంత మెషీన్లు, సొంత ఉద్యోగులు. ప్రభుత్వ ఉద్యోగుల ఫైళ్ళు దాచే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్లు కాలిపోయాయి, మరీ పెద్దదని బయట ఎక్కడా కాపీ పెట్టలేదు. అంతటి దేశమే అలా ఉంటే మీ మెట్ల కింద యూపీఎస్ మీదున్న ఫైళ్ళ కట్టల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు, రేపు పొద్దున వాటిని తీయించండి.

మీ మరిదికి గానీ మామగారికి గానీ ఎవరైనా 37సిగ్నల్స్ కథ చెప్పొచ్చు, ఇంటర్నెట్‌లో బాగా తిరిగింది. అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ, 2022లో క్లౌడ్ బిల్లే 32 లక్షల డాలర్లు వచ్చిందని, సొంత సర్వర్లు కొనుక్కుని బయటికి వచ్చేసింది, చాలా డబ్బు మిగిలిందని లెక్కలు కూడా ప్రకటించింది. నిజమే. కానీ వాళ్ళ దగ్గర సర్వర్లు చూసుకోవడానికే జీతమిచ్చి పెట్టుకున్న టీమ్ ఉంది. మీ దగ్గర మీరున్నారు, వంట అయ్యాక వస్తారు.

మూడో దారి పని చూసి విడదీయడం. కాటా గదిలో ఒక మామూలు మంచి కంప్యూటర్, దానికే ఒక చిన్న కొత్త యూపీఎస్, సాఫ్ట్‌వేర్ అక్కడే నడవాలి, నెట్ ఉన్నప్పుడు చీటీలన్నీ తనంతట తనే పైకి పంపాలి, లేనప్పుడు తన దగ్గర దాచుకోవాలి. పక్కన అలాంటిదే ఇంకో పాత కంప్యూటర్‌ని సిద్ధంగా ఉంచితే ఒకటి పోయినా కేబుల్ మార్చి పదిహేను నిమిషాల్లో మళ్ళీ తూకం మొదలెట్టొచ్చు. టాలీ, లాట్ వివరాలు క్లౌడ్‌లో ఒక చిన్న మెషీన్‌లో పెట్టొచ్చు, లేదా ఆఫీసులోనే చిన్న సర్వర్‌లో ఉంచి కాపీ మాత్రం రోజూ క్లౌడ్‌కి పంపొచ్చు. కాపీకి మాత్రమే అయితే ఖర్చు తెలిస్తే మీ మామగారు నవ్వుతారు, 200 జీబీ ఉన్నా నెలకి ఐదారు వందల్లో అయిపోతుంది. చిక్కు ఏంటంటే, రెండుచోట్లా కొంత కొంత ఉంటే చూసుకోవాల్సినవి కూడా రెండవుతాయి. కాటా చీటీలు పైకి సరిగ్గా చేరాయా అని రోజూ సాయంత్రం ఎవరో ఒకరు సరిపోల్చాలి. అది గుమాస్తాకి అప్పజెప్పగలిగితేనే ఈ దారి మంచిది, అదీ మీ మీదే పడేటట్టయితే మొదటి దారే నయం.

నన్నడిగితే మూడో దారిలో రెండో రకం వైపు మొగ్గుతాను, అంటే కాటా, లెక్కలు రెండూ ఫ్యాక్టరీలోనే, పెద్ద సర్వర్ లేకుండా చిన్న మెషీన్ల మీద, కాపీలు రోజూ బయటికి. ఒకటి రెండేళ్ళు అలా నడిచి, ఇంట్లో వాళ్ళకి అలవాటయ్యాక, టాలీని పైకి పంపాలా అని అప్పుడు చూసుకోవచ్చు. మీరు ఇంకోటి ఎంచుకున్నా పెద్ద నష్టమేమీ లేదు, కాపీల విషయం మాత్రం తప్పకపోతే చాలు.

కాపీల గురించి ఇంకొంచెం. మీ సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలని కంపెనీల అకౌంట్స్ రూల్స్‌లో ఉంది, 2022 ఆగస్టులో చేసిన సవరణతో అది రోజువారీ అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో చూపించే ఎడిట్ లాగ్ కూడా సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. భాగస్వామ్య సంస్థ అయితే ఇవి వర్తించవు, జీఎస్టీ రికార్డులు మాత్రం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. మీ ఆడిటర్‌ని ఒక ఫోన్‌లో అడిగితే మీరు ఏ కోవలోకి వస్తారో చెప్పేస్తారు. ఒక కాపీ నడుస్తున్న మెషీన్‌లో, ఒకటి క్లౌడ్‌లో, మూడోది దేనికీ తగిలించని డిస్క్‌లో. ఆ మూడోదే రాన్సమ్‌వేర్, అంటే నేను మొదట చెప్పిన ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాము వస్తే కాపాడేది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసా, మామగారి బీరువాలో. రెండు డిస్కులు కొని, సీజన్లో వారానికి, మిగతా రోజుల్లో నెలకి ఒకటి మార్చి ఆయన చేతికివ్వండి, తాళం ఆయన దగ్గరే. ఇది ఆయన్ని బుజ్జగించడానికి చెప్పడం లేదు, నిజంగానే మంచి పద్ధతి. డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అందులో ఉంటాయి.

క్లౌడ్ కాపీకి కూడా ఆయన ఒప్పుకోకపోతే ఒక మాట అడిగి చూడండి. ఫ్యాక్టరీ గుజ్జు డ్రమ్ములు ఎక్స్‌పోర్ట్‌కి పోయేముందు చెన్నైలో పరాయివాళ్ళ గోడౌన్‌లో ఉంటాయని మీరే రాశారు. అంత సరుకు అక్కడ పెట్టడానికి ఆయన ఏం చూసుకున్నారు? రసీదు, సీలు, ఇన్సూరెన్స్. ఇక్కడా అవే చూసుకుందాం అనండి. కాపీని మన దగ్గరే తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే అవతలివాడు తెరవలేడు. ఆ తాళపు పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అదే బీరువాలో పెట్టండి, అది పోతే మీరూ తెరవలేరు.

ఏ దారిలో పోయినా మూడు నెలలకొకసారి ఒక ఆదివారం కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఒక రైతు ఖాతా, ఒక లాట్ నంబరు తీసి చూడండి. తెరిచి చూడని కాపీ ఉన్నట్టు కాదు, మార్చి నెల డిస్క్ మీకు ఆ సంగతి చెప్పే ఉంటుంది. మార్పు మాత్రం సీజన్లో వద్దు, ఏప్రిల్ తర్వాత అసలు ముట్టుకోవద్దు. దసరా, దీపావళి మధ్య మొదలెట్టి సంక్రాంతికి పూర్తి చేసి, మార్చి ముగింపు లెక్కలు కొత్తదాంట్లో చేస్తే లోపాలన్నీ కాయ రాకముందే బయటపడతాయి. పాత సర్వర్‌ని స్క్రాప్‌కి ఇచ్చేటప్పుడు డిస్కులు పీకి ఇవ్వండి.

ఇక మీ అసలు బాధ. రెండు కొటేషన్లలోనూ లేని ఖర్చు ఒకటుంది, మీరు. హార్డ్‌వేర్ అతను అమ్మేసి పోతాడు, ఫ్రెండు సెటప్ చేసి పోతాడు, రాత్రి పదకొండుకి కాటా గది నుంచి ఫోన్ వచ్చేది మీకు. మీ టైముకి నెలకి పాతిక వేలు వేసినా లెక్కలన్నీ మారిపోతాయి. ఇది ఇంట్లో చెప్పడానికి మొహమాటం, నాకు తెలుసు. కనీసం నిర్ణయమైనా మీ ఒక్కరిది కాకుండా చూసుకోండి. మామగారినీ మరిదినీ మీవారినీ ఒకచోట కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి: సీజన్లో కాటా గంటసేపు ఆగితే మనకెంత నష్టం? ఆ అంకె మామగారి నోటితోనే రావాలి, ఆ వ్యాపారం ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. దాన్నిబట్టి ఎంతసేపు ఆగినా ఓర్చుకుంటాం, దానికి ఎంత ఖర్చు పెడతాం, పాస్‌వర్డులు ఎవరి దగ్గర, బ్యాటరీలు ఎవరు చూస్తారు, మీరు ఊళ్ళో లేనప్పుడు ఎవరు చూస్తారు, ఇవి లెటర్‌ప్యాడ్ మీద ఒక పేజీ రాసి అందరూ సంతకం పెట్టండి. మరీ ఆఫీసు వ్యవహారంలా ఉందని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఆ తర్వాత జీతం సంగతి. అడగొచ్చు, ఎంసీఏ చదివిన మనిషిని బయట నుంచి తెచ్చుకుంటే ఎంతివ్వాలో మీ మరిదికి బాగా తెలుసు, ఆయనతోనే మాట కదిలించవచ్చు. అడిగితే కొన్నాళ్ళు ఇంట్లో మూతి విరుపులు ఉండొచ్చు. అడగడం ఇష్టం లేకపోతే, సీజన్ రెండు మూడు నెలలకైనా రాత్రి షిఫ్టుకి ఒక డిప్లొమా కుర్రాణ్ణి పెట్టమనండి, అది ఫ్యాక్టరీ అవసరంగా అడిగినట్టుంటుంది, ఒప్పుకోవడం తేలిక. రెండూ వద్దు, ఇలాగే లాక్కొస్తాను అంటే అదీ మీ ఇష్టం, కానీ అప్పుడు మీకు తక్కువ పని పెట్టే దారినే ఎంచుకోండి, ఖర్చు కాస్త ఎక్కువైనా. అందరికంటే తక్కువ ఖర్చయ్యేది ఎంచుకుని దాని బరువు మీరు మోయొద్దు.

ఉత్తరంలో ఒక్క వివరం లేదు, అది తెలిస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. మీ కాటా సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్ళని అడగండి, సర్వర్‌తో సంబంధం లేకుండా కాటా గది కంప్యూటర్‌లోనే చీటీలు దాచుకుని తర్వాత పంపే వీలు అందులో ఉందా అని. ఉందంటే మూడో దారి చేతిలో పనే. లేదు, కొత్తగా రాయాలి అంటే ఎంత అడుగుతారో కనుక్కుని రాయండి.